కళ్ళు తెరవని నంది

మా ఇంట్లోంచి అమెరికాకు మొట్టమొదట వెళ్ళింది ఒక రాతి ఎద్దు. దాన్ని ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు, వీసా అడగలేదు, మళ్ళీ ఎప్పుడొస్తావని కూడా అడగలేదు. దాని వెనకాల పోదామని చూసిన మనుషులకే వచ్చాయి తంటాలన్నీ. అవి తలచుకుంటే నాకిప్పటికీ నవ్వాగదు. "నువ్వు చెప్పకముందే నవ్వేస్తావు, వినేటోళ్ళకు ఏం మిగుల్తాది?" అంటాడు మా ఆయన. ఈసారి ఆపుకుని చెప్పాలనే చూస్తాను, హామీ మాత్రం ఇవ్వను.

మాది ఆళ్లగడ్డలో దేవుళ్ళను చెక్కే ఇల్లు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని వెనక ఇల్లు. పొద్దున లేస్తే టక్కు టక్కు, అన్నం తింటుంటే టక్కు టక్కు. ఇప్పుడు మిషను కూడా చేరింది, చెవులు గింగురుమంటాయి. పళ్ళెంలో రాతి దుమ్ము పడకుండా అన్నం తిన్న రోజు నాకు గుర్తు లేదు. పెళ్ళయ్యాక కూడా ఆ దుమ్ము వదిలి పోలేదు నేను. మా ఆయన నంద్యాల ఆళ్లగడ్డ బస్సులో కండక్టరు కాబట్టి పుట్టింటి పక్క వీధిలోనే కాపురం పెట్టాం. షెడ్డుకు వచ్చే ఉత్తరాలు, ఫోన్లు, గిరాకీలకు ఫోటోలు పంపడాలు అన్నీ నా నెత్తినే. నాకు అన్నదమ్ములు లేరు. అయినా నాయన నాకు ఉలి ఇవ్వలేదు. ఆడపిల్ల చేతికి ఉలి ఏందని. ఆ కోపం నాకిప్పటికీ ఉంది, దాచుకోను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ ఎద్దు పని వచ్చింది. నంద్యాలలో ఒక డాక్టరు, ఆయన బావమరిది అమెరికాలో. అక్కడ మనవాళ్ళంతా కలిసి గుడి కడుతున్నారట, నంది కావాలట, నల్లరాతిది, మనిషి నడుమెత్తు. డాక్టరు స్వయంగా కారులో వచ్చి ఆ మాట చెప్పి వెళ్ళాడు. అప్పుడు మా జేజినాయన, అంటే నాయనకు నాయన, ఇంకా ఉలి పడుతున్నాడు. ఆయనకు ఒకటే సందేహం.

"ఆ దేశంలో రాళ్ళు లేవంటనా?"

"ఉండాయంట. చెక్కేటోళ్ళు లేరంట," అన్నాడు నాయన.

"అట్లయితే అది పెద్ద దేశమేం కాదులే," అన్నాడు జేజినాయన.

అన్నాడే గానీ ఆ రోజునుంచి ముసలాయన కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆయనకు అమెరికా పోవాలని లేదు, చూడాలని కూడా లేదు. తన రాయి ఓడెక్కుతుందన్న మాట ఒక్కటే ఆయనకు పండగ. సముద్రం చూసిన మనిషి కాదు. శిరివెళ్ల సంతకు పోయినా, గోస్పాడులో చుట్టాలింటికి పోయినా, బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి వదిలేవాడు కాదు. "మా రాయి పడవెక్కుతాదప్పా!" అని మొదలుపెడితే వాడు దిగేదాకా అదే పాట. కొంతమంది ఆ పాట తట్టుకోలేక ముందు స్టాపులోనే దిగిపోయారని మా అమ్మ చెప్పేది.

ఆర్నెల్లకు నంది తయారైంది. మెడలో గంటలు, మూపురం, మడిచిన ముంగాలు, నాలుక కొసతో ముక్కు నాకుతున్నట్టు. అబ్బ, ఏం ఎద్దు! ఒకనాడు మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు నేను జామకాయ పట్టుకుని దాని వీపు మీద ఎక్కి కూర్చున్నాను. కాళ్ళు అటూ ఇటూ వేసుకుని, హై హై అని అదిలిస్తూ, అమెరికాకే పోతున్నట్టు. రాయి చల్లగా హాయిగా ఉంది. వెనకనుంచి నాయన వచ్చింది చూసుకోలేదు. రెక్క పట్టి దించి వీపు మీద ఒక్కటిచ్చాడు.

"దేవుని మీద ఎక్కుతావా?"

"ఇంకా కండ్లు పెట్టలా గదా నాయనా! దేవుడు యాడ అయినాడు?"

న్యాయమైన మాటే అడిగాను. దానికి ఇంకోటిచ్చాడు.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. విగ్రహానికి ఒళ్ళంతా చెక్కుతాం, నునుపు చేస్తాం, కళ్ళు మాత్రం చివరికి వదిలేస్తాం. గుడిలో నిలబెట్టే రోజున శిల్పి వెళ్ళి, చిన్న ఉలితో కంటిపాప దిద్దుతాడు. ఎదురుగా అద్దం పట్టి ఉంచుతారు. దాన్నే కళ్ళు తెరవడం అంటాం. అంతవరకూ అది రాయి, ఆ తర్వాతే దేవుడు. కళ్ళు తెరిచినవాడికి కొత్త పంచెలు పెట్టి, పళ్ళు తాంబూలం ఇచ్చి, ఊరంతా దండం పెడుతుంది. దూరదేశం పోయే విగ్రహమైతే మాత్రం చాలామంది ఇక్కడే కళ్ళు కూడా పూర్తి చేసి పెట్టెలో పెట్టి పంపేస్తారు. అంత దూరం శిల్పి ఎక్కడ పోతాడు?

నాయన బుర్రలో పురుగు అక్కడే తొలిచింది. కళ్ళు పెట్టకుండా పంపితే? గుడి కట్టుకున్నవాళ్ళు గుడ్డి నందిని పెట్టుకోరు కదా. పిలవక చస్తారా?

"కండ్లు లేకుంటే దానికి దారెట్లా కనపడతాదిరా?" అన్నాడు జేజినాయన.

"పెట్టెలో పోయేదానికి దారెందుకు?" అన్నాడు నాయన.

అలా నున్నటి గుడ్లతో మా నంది పెట్టెలో కూర్చుంది. లారీ కదిలేటప్పుడు జేజినాయన టెంకాయ కొట్టి, టెంకాయ చిప్పలు పట్టుకుని లారీ వెంట రోడ్డు మలుపు దాకా పరుగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి వీధి వీధంతా బయటికొచ్చింది.

ఉత్తరం రాసే పని నాది. మా ఇంట్లో ఇంగ్లీషు నాకొక్కదానికే వచ్చు, అదీ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు. డిక్షనరీ ముందేసుకుని నాలుగు రోజులు కుస్తీ పట్టాను. అయ్యా, నందికి కళ్ళ పని మిగిలి ఉన్నది, అది శిల్పి స్వయంగా వచ్చి చేయవలసిన పని, దయచేసి పిలిపించుకోగలరు అని. అది నాయన చెప్పింది. నేను సొంతంగా చివర ఇంకో వాక్యం కలిపాను: శిల్పికి ఇంగ్లీషు రాదు గనుక ఆయన కూతురును కూడా పిలవవలెను. నాయనకు చదవడం రాదు కదా, పెద్ద అక్షరాలతో సంతకం పెట్టేశాడు. పోస్టు డబ్బాలో వేసి వచ్చిన దగ్గరనుంచి నేను మంచు మీద నడవడం ప్రాక్టీసు చేశాను. షెడ్డులో రాతి పొడి పరిచి, దాని మీద అడుగులు తీసి తీసి వేస్తూ.

రెండు నెలలకు జవాబు వచ్చింది. పిలుపే! శిల్పి రావాలి, ఖర్చులు మావి అని. కూతురు ఊసు లేదు. నేను ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో ఎవరికీ చెప్పుకునే దారి కూడా లేదు.

నాయన హడావుడి చూడాలి. నంద్యాల పోయి బూడిద రంగు సఫారీ కుట్టించుకున్నాడు. కొత్త బూట్లు కొన్నాడు, అవి కరిస్తే చెప్పులే వేసుకున్నాడు. వీసా మద్రాసులో. బస్టాండుకు ఆళ్లగడ్డలో సగం మంది వచ్చారు, దండలు కూడా వేశారు. ఇంతకీ ఆయన పోయేది మద్రాసుకు. వెళ్ళినవాడు ఊరికే వెళ్ళకుండా గుడ్డలో చుట్టుకుని తన కంటి ఉలి, సుత్తి తీసుకుపోయాడు. శిల్పివని నమ్మకమేందని అడుగుతారు, ఒక రాయి ఇస్తారు, చెక్కి చూపియ్యాల అని ఆయన లెక్క. మా పనివాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు ఇలాంటి ఆలోచన.

వీసా ఆఫీసు గేటు దగ్గర ఉలి, సుత్తి చూసి కాపలావాళ్ళు ఉలిక్కిపడ్డారు. లోపలికి రానివ్వలేదు. నాయన ఎదురుగా రోడ్డు పక్క టెంకాయల బండాయన చేతిలో ఆ మూట పెట్టి, ప్రమాణం చేయించుకుని, లోపలికి పోయాడు. మనిషి లోపల ఉన్నాడు గానీ మనసంతా టెంకాయల బండి మీదే. ఆ కంటి ఉలి జేజినాయనది, ఆయనకు వాళ్ళ నాయన ఇచ్చింది. లోపల తెలుగు చెప్పే మనిషి ఒకాయన ఉన్నాడట. ఆయన అడిగింది, నాయన చెప్పింది మా ఇంట్లో నాటకంలాగా వెయ్యిసార్లు ఆడాం.

"మీకు ఇక్కడ ఆస్తులేమున్నాయి?"

"నా ఉలి ఉండాది. బయట టెంకాయలాయన దగ్గర."

"పని ఎన్నాళ్ళు పడుతుంది?"

"కండ్ల పని చెప్పలేం సార్. కుదిరితే ఒక పూట. కుదరకపోతే నెల."

"తిరిగి ఎప్పుడొస్తారు?"

"పని అయినప్పుడు."

అక్కడితో ఆగితే బాగుండేది. గోడ గడియారం చూసి, "బేగా తెమల్చండప్పా, ఆ టెంకాయలాయన మధ్యాన్నానికి పోతాడంట," అన్నాడట. వాళ్ళు బేగానే తెమిల్చారు. వీసా లేదు పొమ్మన్నారు.

ఉలి మాత్రం దక్కింది. టెంకాయలాయన మంచివాడు, కదలకుండా కూర్చున్నాడట. నాయన సఫారీ చంకలో పెట్టుకుని బనియనుతో బస్సు దిగాడు. మేం కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాక అంతా చెప్పాడు. జేజినాయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఎద్దు పోయింది గదరా, చాల్లే," అన్నాడు. ఆయనకు నిజంగానే చాలు. ఆ తర్వాత రెండేళ్ళకు పోయేదాకా ఆయన అమెరికా మనిషిలాగే తిరిగాడు.

నాయనకు చాల్లేదు. గుడివాళ్ళనుంచి ఇంకో ఉత్తరం వచ్చింది, రాలేకపోయినందుకు విచారం, ఇక్కడే ఏదో ఏర్పాటు చేసుకుంటాం అని. అంతే. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అప్పటినుంచి మా ఇంట్లో అమెరికా అన్న మాట వినపడితే చాలు, నాయన సుత్తి దించేసి అడిగేవాడు: "నా నందికి ఎవడు పెట్టినాడో కండ్లు. ఎట్లా పెట్టినాడో." కోడిగుడ్డు కళ్ళు పెట్టాడేమో. మెల్లకన్ను పెట్టాడేమో. పండగ పూట అన్నం ముందు కూర్చుని కూడా ఇదే గొడవ. ఒక్కసారి చూస్తే చాలు, సరిగ్గా లేకపోతే తన ఉలితో దిద్దితే చాలు, తర్వాత పోయినా ఫరవాలేదనేవాడు. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆయన నవ్వేవాడు కాదు. రాత్రి కలలో ఆ ఎద్దు వచ్చి ఎవరి కళ్ళతోనో తనను చూస్తుందని అమ్మతో చెప్పుకునేవాడట.

ఇక నా వంతు. నేను నంద్యాలలో డిగ్రీ చదివే రోజులకు అమెరికా అంటే గుడి కాదు, ఓడ కాదు, పెళ్ళికొడుకు. మా హాస్టల్లో ప్రతి పిల్లకూ ఒక కంప్యూటరు పెళ్ళికొడుకు కావాలి, వాడికి రెండు తలుపుల ఫ్రిజ్జు ఉండాలి, ఇంటి ముందు కోసినట్టు సమంగా గడ్డి ఉండాలి. నాకూ కావాలి, ఎందుకు అబద్ధం? ఫ్రిజ్జులో ఏం పెట్టాలో కూడా రాసుకున్నాను. నిజంగానే ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. నేను ఉప్మా పళ్ళెం పట్టుకుని తలుపు చాటున నిలబడి ఉన్నాను, ఇక పిలుస్తారు అని. పెళ్ళికొడుకును ఉద్యోగమేమిటి, జీతమెంత అని అడగాల్సిన నాయన ఏం అడిగాడు?

"నాయనా, మా నంది ఉండే ఊరు నీకు ఎంత దూరం?"

ఆ పిల్లవాడు ఊరి పేరు విని, అది దేశానికి ఆ కొసనండీ, నేను ఈ కొసన, విమానంలో ఆరు గంటలు అన్నాడు.

"ఆరు గంటలే గదా. నేను మద్రాసుకు పన్నెండు గంటలు పోయినా. ఒకసారి పోయి దాని కండ్లు చూసి, ఫోటో పట్టి పంపు. తర్వాత ముహూర్తం మాట్లాడుకుందాం."

నేను తలుపు చాటున ఉప్మా పళ్ళెంతో సహా కూలబడిపోయాను. వాళ్ళు మర్యాదస్తులు, కాఫీ తాగి, చూస్తాం అని లేచారు. మళ్ళీ రాలేదు. "అమెరికాలో ఉంటా ఒక గుడికి పోలేనోడు నిన్నేం చూసుకుంటాడు?" అని నాయన నన్నే దబాయించాడు. నేను ఒంటికాలి మీద లేచాను, వారం రోజులు మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడు బస్సులో టికెట్టు కొట్టే మనిషిని చేసుకున్నాను. మా ఇంట్లో ఫ్రిజ్జుకు ఒకటే తలుపు. ఆ తలుపు కూడా సరిగ్గా పడదు, కుర్చీ అడ్డం పెడతాం.

నాకు కూతురు పుట్టింది. నేను అప్పుడే ఖాయం చేసుకున్నాను, నేను పోలేదు, నాయన పోలేదు, ఇది పోతుంది, పోయి అక్కడే ఉంటుంది అని. నంద్యాలలో ఇంజనీరింగు చేర్పించాను. రోజూ వాళ్ళ నాన్న బస్సులోనే పోయి వచ్చేది. వచ్చి ఏం చేసేది? పుస్తకాల సంచి పడేసి, షెడ్డులో వాళ్ళ తాత పక్కన కూర్చుని ఉలి పట్టేది. నాకివ్వని ఉలి! "నాకేమో దెబ్బలు, దానికేమో ఉలి. ఏందీ న్యాయం?" అని నిలదీశాను. "అప్పటి కాలం వేరే," అని నాయన దుమ్ములోకి చూస్తూ గొణిగాడు. పిల్ల ఇంజనీరింగు పాసయింది. పాసయిన మర్నాడు ప్యాంటు మడిచి షెడ్డులో కూర్చుంది, ఇక లేవలేదు. ఇప్పుడు దానికి ఇరవై మూడేళ్ళు. ముఖాలు అది చెక్కినట్టు మా షెడ్డులో ఇంకెవరూ చెక్కలేరు. నాయన చేతులు వణుకుతాయి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని చెబుతాడు, అది చేస్తుంది.

నిరుడు నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. అమెరికానుంచి, ఒక గుడినుంచి, సరస్వతీ విగ్రహం కావాలని. రాసింది ఆ గుడి కమిటీలో పనిచేసే ఒకమ్మాయి. ఊరి పేరు చూసి మళ్ళీ చూశాను. ఆ ఊరే. నాయనకు చెబితే మూడుసార్లు చదివించుకున్నాడు. ఆ తర్వాత నందిని అడుగు, నందిని అడుగు అని ఒకటే పోరు. సరే, ముందు పని కానీ అని ఆపాను. కొత్త కమిటీ, కొత్త మనుషులు, మొదటి మాటలోనే పాత ఎద్దును లాగితే మళ్ళీ పెళ్ళికొడుకు కథ అవుతుందని నా భయం.

సరస్వతి పూర్తయ్యాక ఆ అమ్మాయే రాసింది, ముఖం చెక్కినవాళ్ళే వచ్చి కళ్ళు తెరిస్తే బాగుంటుంది, పది రోజులకు పిలుస్తాం అని. నాయన అంత పన్నాగం పన్నినా రాని భాగ్యం, మా పిల్లకు ఫోనులో వచ్చింది.

వీసాకు హైదరాబాదు పోయేటప్పుడు దాని సంచి నేనే మూడుసార్లు వెతికాను, ఉలి ఉందేమోనని. నేను, మా ఆయన బయట చెట్టు కింద నిలబడ్డాం. నేను దేవుళ్ళందరినీ పిలిచాను, మేం చెక్కినవాళ్ళని, చెక్కనివాళ్ళని కూడా. గంటలో వచ్చింది.

"ఏమడిగినారు?"

"తిరిగి ఎప్పుడొస్తావన్నారు."

"ఏం చెప్పినావ్?"

"పని అయినాక అన్నా. ఈడ ఇంకా రెండు విగ్రహాలు సగంలో ఉండాయని ఫోటోలు చూపిచ్చినా. ఇచ్చేసినారు."

అదే మాట! నాయన చెప్పిన మాటే! నేను చెట్టు కిందే పడీ పడీ నవ్వాను. పక్కన నిలబడినవాళ్ళు, పాపం ఈమె బిడ్డకు వీసా రాలేదేమో, మతి పోయిందని జాలిపడ్డారు.

నాయన ఆ రాత్రి పెట్టె తెరిచి, గుడ్డ మూట తీసి దాని చేతిలో పెట్టాడు. మద్రాసు చూసి వచ్చిన ఆ కంటి ఉలే. "సరస్వతికి నీ ఉలి వాడు. దీంతో నా నందిని చూడు. ఎవడు పెట్టినాడో, ఎట్లా పెట్టినాడో. బాగలేకపోతే దిద్దు." పిల్ల తలూపింది. నేను పిల్ల ప్రయాణపు పెట్టె అడుగున, చీరల కింద, దాని ఇంజనీరింగు సర్టిఫికెట్లన్నీ దాచాను. పది రోజుల్లో దానికి అక్కడి గాలి పట్టకపోతుందా, ఏ కాలేజీనో చూసుకోకపోతుందా అని. మూడో రోజు ఫోను చేసింది.

"అమ్మా, సర్టిఫికెట్లు ఏంటికి పెట్టినావ్? అవ్వ ఇచ్చిన ఊరగాయ పెట్టే తావు పోయింది గదా!"

"ఉంటే మంచిది గదా. ఆడ ఏమైనా చదువుకుంటావేమోనని."

"నాకీడ ఏం పని? సరస్వతి అయిపోతే వచ్చేస్తా. ఈడ బాగుండాది, బాగలేకపోవడమేం లేదు. నంద్యాల బాగుండాదని నంద్యాలలో ఉండిపోయినానా?"

నాకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు. నేను జీవితమంతా కలలు కన్న దేశాన్ని అది నంద్యాల బస్సెక్కి పోయి వచ్చినట్టు చూస్తోంది. కాసేపు ఉడికిపోయాను. తర్వాత అదే మాట మా ఆయనకు చెబుతూ నవ్వేశాను.

సరస్వతికి కళ్ళు తెరిచింది. కొత్త పంచెలకు బదులు కొత్త చీర పెట్టారు. ఆ మర్నాడు నాకో ఫోటో వచ్చింది. పచ్చటి గడ్డి. గడ్డిలో మా నంది. వీపు మీద ముగ్గురు పిల్లలు, మెడ మీద ఒకడు, కొమ్ము పట్టుకుని వేలాడుతూ ఇంకొకడు. నేను ఫోటో పెద్దది చేసి ముఖం చూశాను. కళ్ళు లేవు. మేం పంపిన నున్నటి గుడ్లే, అలాగే ఉన్నాయి.

పిల్ల ఫోను చేసి చెప్పింది. ఆ గుడిలో ముసలి పూజారి ఒకాయనకు గుర్తుందట. శిల్పి మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నిస్తాడు, వస్తాడు అని ఆగారట. లోపలికి వేరే చిన్న నందిని తెచ్చుకుని, దీన్ని బయట గడ్డిలో పెట్టి ఉంచారట. ఏడు మీద ఏడు గడిచింది, కమిటీలు మారాయి, ఎందుకు ఆగారో అందరూ మరిచిపోయారు. పిల్లలు మాత్రం ఎక్కడం మొదలుపెట్టారు. మాకు మెసేజీ పెట్టిన ఆ కమిటీ అమ్మాయి కూడా చిన్నప్పుడు దాని మీద ఎక్కిందేనట, ఇప్పుడు ఆమె బిడ్డ ఎక్కుతోందట.

ఈ సంగతి నాయనకు చెప్పినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎవడూ పెట్టలేదా? నాకోసరం ఆగినారా?" ముప్ఫై ఏళ్ళుగా ఎవడినో తిడుతున్నాడు పాపం, ఆ ఎవడూ లేనే లేడు. "పాపకు చెప్పు, దాన్ని తెరవమని. నా ఉలితో. నేను చూడాల."

కమిటీవాళ్ళు కూడా సంబరంగా ఒప్పుకున్నారు. కళ్ళు తెరిచాక దాన్ని కడిగి, లోపల మండపంలోకి మార్చి, చుట్టూ కడ్డీలు కట్టి పూజ చేస్తామన్నారు. అక్కడ ఆదివారం పొద్దున, మనకు ఆదివారం సాయంత్రం. నాయన గడ్డం గీయించుకుని, కొత్త పంచె కట్టి, షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నాడు. షెడ్డులో సంజామల వైపు ఒక పల్లె గుడికి చెక్కుతున్న నంది ఉంది, దానికీ ఇంకా కళ్ళు పెట్టలేదు. దాని మూపురానికి ఆనించి ఫోను నిలబెట్టాను. వీధిలోవాళ్ళంతా చేరారు. పెళ్ళిచూపుల్లో కూడా నాకు అంత కంగారు లేదు.

ఫోనులో నంది కనిపించింది. దాని ముందు అద్దం పట్టుకుని పూజారి, పక్కన ఉలి పట్టుకుని మా పిల్ల. వెనకాల పదిమంది పిల్లలు, మూతులు ముడుచుకుని. ఒక చిన్నది కాలు నేలకేసి కొడుతూ ఏదో అరుస్తోంది.

"ఆ పాప ఏమంటాంది?" అన్నాడు నాయన.

"ఇంకెప్పుడూ ఎక్కనీరా అని అడుగుతాంది తాతా."

నాయన ముందుకు వంగాడు. "వీపు చూపించు." పిల్ల వచ్చి ఫోను అందుకుని తిప్పింది. మూపురం వెనక, పిల్లలు కూర్చునే చోట, రాయి అద్దంలా మెరుస్తోంది. మేం నెలరోజులు రుద్దినా రాని నునుపు. నాయన చాలాసేపు దాన్నే చూశాడు.

"ఉలి లోపల పెట్టు," అన్నాడు.

"ఏందీ?" అన్నాను నేను. నాకు కోపం నషాళానికి ఎక్కింది. "ముప్ఫై ఏండ్లు మా ప్రాణం తీసినావ్! నా పెండ్లి చెడగొట్టినావ్! ఇప్పుడు వద్దంటావా?"

"తెరిస్తే కడ్డీల్లో కట్టేస్తారు. ఎక్కనీరు. ఉండనీ. వాళ్ళను ఎక్కనీ." అని, ఫోనులోకి గట్టిగా, "ఎక్కండప్పా, ఎక్కండి!" అన్నాడు.

మా పిల్ల అది ఇంగ్లీషులో చెప్పిందో లేదో, పదిమందీ ఒక్కసారిగా మీద పడ్డారు. ఆ కేకలు! ఫోను పగిలిపోతుందేమో అనుకున్నాం. ఉలి గుడ్డలో చుట్టి, మా పిల్ల కూడా ఎక్కి కూర్చుంది, ఇరవై మూడేళ్ళ గాడిద. పూజారి అద్దం పట్టుకుని అలాగే నిలబడి నవ్వుతున్నాడు. ఇక్కడ వీధి వీధంతా నవ్వు. నాయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

కాసేపటికి నా వైపు తిరిగాడు.

"పాపా, నువ్వు అప్పుడన్నావు గదా. ఇంకా కండ్లు పెట్టలా, దేవుడు కాలా అని."

"అన్నా. అన్నందుకు ఇంకోటి ఇచ్చినావ్."

"సరిగ్గానే అన్నావు. నేనే ఊరికే కొట్టినా."

నాకేమైందో నాకే తెలియదు. మూపురం దగ్గర ఫోను తీసి మా ఆయన చేతిలో పెట్టాను. చెప్పులు విడిచాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సంజామల నంది వీపు మీద ఎక్కి కూర్చున్నాను. రాయి అప్పటిలాగే చల్లగా ఉంది. ఫోనులోంచి "అమ్మా!" అని మా పిల్ల కేక పెట్టింది. నేను రెండు కాళ్ళతో అదిలించాను, హై హై అని.

నాయన కుర్చీలోంచి లేచి వచ్చాడు. అలవాటుకొద్దీ వీపు బిగించుకున్నాను. ఆయన వణికే చేత్తో నా కొంగుకు అంటిన రాతి పొడి దులిపి, "బాగా పట్టుకో, పడతావు," అన్నాడు.